390 ఇంజన్‌తో మూడు చక్రాల కారు: జాక్‌షాఫ్ట్, వెనక హబ్ లేత్ పని గురించి సలహా కావాలి

రాయగడ_మూడుచక్రాలు:

అందరికీ నమస్కారం. ముందు రెండు, వెనక ఒకటి చక్రాలు ఉండేలా సొంత ఛాసీ మీద బండి కడుతున్నాం. ఇంజన్ కేటీఎం 390 డ్యూక్‌ది, 373 సీసీ. వెనక చక్రానికి మారుతి 800 రిమ్ము, 145/70 ఆర్12 టైరు. డ్రైవరుతో కలిపి 420 కేజీలు దాటకూడదని లెక్క వేసుకున్నాం. అందులో 40 శాతం దాకా వెనక చక్రం మీద పడుతుంది.

చిక్కంతా చైన్ లైను దగ్గరే. కారు టైరు వెడల్పు వల్ల వెనక స్ప్రాకెట్ బయటికి వచ్చేసింది. ఇంజన్ స్ప్రాకెట్ లైనుకీ దానికీ 55 మి.మీ. తేడా. ఇంజన్‌ని పక్కకి జరుపుదామంటే సీటు పక్క పైపు అడ్డం. అందుకే మధ్యలో జాక్‌షాఫ్ట్, అంటే ఇంజన్ చైన్ తిప్పుడుని ఇంకో లైనులో ఉన్న వెనక చైన్‌కి అందించే షాఫ్ట్, పెట్టక తప్పట్లేదు.

ప్రస్తుతం గీసుకున్నది ఇది. 25 మి.మీ. ఈఎన్8 (మధ్యరకం కార్బన్ స్టీలు) షాఫ్ట్, రెండు యూసీపీ 205 పెడెస్టల్ బేరింగ్‌లు (పాదంతో బోల్టు చేసే రకం), 8 మి.మీ. కీవే (స్ప్రాకెట్ జారకుండా కీ పెట్టే గాడి). ఇంజన్ చైన్ స్ప్రాకెట్ బేరింగ్‌లకి బయట, వెనక చైన్ స్ప్రాకెట్ లోపల. రెండూ 15 పళ్లవే, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బాస్‌కి, అంటే షాఫ్ట్ మీద కూర్చునే దిమ్మకి, వెల్డ్ చేసి. వెనక చక్రం దగ్గర 45 పళ్లు.

లేత్, డ్రిల్లింగ్, ఆర్క్ వెల్డింగ్ రాయగడలోనే అయిపోతాయి. స్లాటింగ్ (కీవే కోత), ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడి చేసి గట్టిపరచడం) లాంటివి కావాలంటే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో విశాఖ ఆటోనగర్ దాకా పోవాలి. అక్కడి పని అంతా ఒక్క విడతలో తేలిపోయేలా డిజైన్ కుదిరితే బాగుంటుంది. షాఫ్ట్ సైజు సరిపోతుందా? స్ప్రాకెట్లు ఎక్కడ దొరుకుతాయి? కారు రిమ్ముకి హబ్ ఎలా చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం_లేత్:

ముందు లోడు ఎంతో తేల్చుకుందాం, సైజు సంగతి తర్వాత.

ఆ ఇంజన్ టార్క్ 35 న్యూటన్ మీటర్లు. ప్రైమరీ 80/30, ఫస్ట్ గేర్ 32/12, అంటే రెండూ 2.67 చొప్పున పెంచుతాయి. ఇంజన్ స్ప్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి అది 249 న్యూటన్ మీటర్లు. ఈ ఇంజన్ వాడే 520 సైజు చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల ఎడం) 15.875 మి.మీ. కాబట్టి 15 పళ్ల స్ప్రాకెట్ పిచ్ వ్యాసం 76.35. వ్యాసార్ధం 38.2 మి.మీ. చైన్ మీద లాగుడు 6,500 న్యూటన్లు, మన భాషలో 660 కేజీలు. ఇది ఫుల్ థ్రాటిల్‌లో నెమ్మదిగా లాగినప్పటి మాట. క్లచ్ ఒక్కసారి వదిలేస్తే దీనికి రెట్టింపు వస్తుందనుకుని డిజైన్ చేయాలి.

మీ లెక్కలో బయటి స్ప్రాకెట్ బేరింగ్ మధ్య గీతకి 45 మి.మీ. దూరంలో వేలాడుతోందనుకుందాం. 13,000 న్యూటన్లు ఇంటూ 0.045 అంటే 585 న్యూటన్ మీటర్ల వంపు. దానికి తోడు 500 మెలి. రెండూ కలిపితే 25 మి.మీ. షాఫ్ట్‌లో షియర్ (కోత) ఒత్తిడి 250 మెగాపాస్కల్స్ దాకా పోతుంది. నార్మలైజ్ చేసిన ఈఎన్8 షియర్‌లో 160 దగ్గరే లొంగిపోతుంది. ఇదంతా కీవే లేని నున్నటి షాఫ్ట్ లెక్క. కీవే మూల దగ్గర ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పగులు కీవే చివరి మూలలో మొదలై 45 డిగ్రీల్లో చుట్టుకుంటూ వెళ్తుంది. ముందు కనపడదు, బేరింగ్ శబ్దమే అనుకుంటారు.

యూసీపీ బ్లాకులు కన్వేయర్‌కి బాగుంటాయి, ఇక్కడికి పనికిరావు. రెండు గ్రబ్ స్క్రూల మీదే షాఫ్ట్ ఆధారపడి ఉంటుంది. లాగుడు, వదులుడు మారుతూ ఉంటే స్క్రూలు షాఫ్ట్‌ని కొరికేసి వదులవుతాయి. పైగా అది పోత ఇనుము. పాదాన్ని బల్లకి నొక్కే లోడు ఎంతైనా మోస్తుంది గానీ, పైకి లాగే లోడు పడితే బోల్టు చెవి దగ్గర విరుగుతుంది.

షాఫ్ట్ లావు పెంచడం ఒక దారి. 30 మి.మీ. ఈఎన్24టీ (ఇంకా గట్టి అల్లాయ్ స్టీలు) వేసి, రెండు స్ప్రాకెట్లూ బేరింగ్‌ల మధ్యలో పెట్టాలి. మధ్యలో పెడితే పెద్ద లాభం ఉంది. ఇంజన్ చైన్ ముందుకి లాగుతుంది, వెనక చైన్ వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, 55 మి.మీ. ఎడం వల్ల వచ్చే వంపే మిగులుతుంది. బేరింగ్‌ల ఎడం 140 అయితే ఒక్కో బేరింగ్ మీద 2,500 న్యూటన్లే. చైన్ లాగుడు అదే, స్ప్రాకెట్ల స్థానం మారిస్తేనే ఇంత తేడా.

బల్లార్షా_టర్నర్:

జయపురం అన్న లెక్క కరెక్ట్. కానీ ఇంకో అడుగు ముందుకు పోవచ్చు. మెలి షాఫ్ట్‌లోకి ఎందుకు పోవాలె? రెండు స్ప్రాకెట్లను ఒకే హబ్‌కి బోల్ట్ చేస్తే టార్క్ ఒక ఫ్లాంజ్ (హబ్ మీది బిళ్ల లాంటి అంచు) నుంచి రెండో ఫ్లాంజ్‌కి హబ్ గోడ మీదుగానే పోతది. షాఫ్ట్ తిరగదు, ఉత్త ఇరుసులాగ నిలబడి ఉంటది. కీవే లేదు, స్లాటింగ్ లేదు. హబ్ పని మొత్తం మీ ఊరి లేత్ మీదనే అయితది.

ఇంకో లాభం: ఆ ఇరుసునే స్వింగ్ ఆర్మ్ పివట్‌గా వాడుకో. అప్పుడు సస్పెన్షన్ ఎంత కదిలినా వెనక చైన్ సెంటర్ దూరం మారదు. బైకుల లెక్క చైన్‌ని వదులుగా పెట్టే అవసరం ఉండదు, 10 నుంచి 13 మి.మీ. ఆట సరిపోతది.

కొలతలు ఇట్ల పెట్టుకో. జాక్‌షాఫ్ట్ మీద రెండూ 23 పళ్లు. రెండు స్ప్రాకెట్ల పళ్లు సమానమే కాబట్టి మొత్తం రేషియో మీద వాటి ప్రభావం ఉండదు, 45/15 అంటే 3 గానే నిలుస్తది. 15 కాకుండా 23 ఎందుకంటే, చిన్న స్ప్రాకెట్ లోపల హబ్ పట్టదు. 23 పళ్ల పిచ్ వ్యాసం 116.58. చైన్ ప్లేటు లోపలి అంచు సుమారు 101 వ్యాసం మీద తిరుగుతది. అందుకే ఫ్లాంజ్ 97 మించనీయకు. బేసి సంఖ్య కావడం కూడా మంచిదే. చైన్ లింకులు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటయి, పళ్లు కూడా సరి అయితే ఎప్పుడూ అదే లోపలి లింకు అదే పన్ను మీద కూర్చుని అరుగుడు ఒకే చోట పడతది.

హబ్‌కి 100 మి.మీ. ఈఎన్8 రౌండ్, 110 పొడవు ముక్క తీసుకో, 6.8 కేజీల దాకా తూగుతది. ఫ్లాంజ్‌లు 12 మి.మీ. మందం. స్ప్రాకెట్ 5.8 మందం కాబట్టి, సెంటర్లు 55 రావాలంటే ఫ్లాంజ్ బయటి ముఖాల మధ్య 49.2 ఉండాలె. ఒక్కో ముఖం మీద 66 మి.మీ. స్పైగాట్ (స్ప్రాకెట్ బోర్‌లో దూరే గుండ్రటి మెడ), 22 పొడవు వదులు. మొత్తం హబ్ పొడవు 93 చిల్లర. స్పైగాట్ అంత పొడవు ఎందుకంటే బేరింగ్‌లు దాని లోపలికి పోయి ఒకదానికొకటి దూరంగా కూర్చోవాలె. 70 ఎడం వస్తే ఫస్ట్ గేర్ ఫుల్ లాగుడులో ఒక్కో బేరింగ్ మీద 5,100 న్యూటన్లు పడతయి. 6205 బేరింగ్ (25 బోర్, 52 బయటి వ్యాసం) దీన్ని మోస్తది.

బోల్టులు ఎం8, 10.9 గ్రేడు, ఆరు, 82 పీసీడీ (బోల్టు రంధ్రాల సెంటర్లు ఉండే వృత్తం వ్యాసం) మీద. అలెన్ తలవే వాడు. షడ్భుజి తల అయితే మూలలు స్పైగాట్‌కి దాదాపు ఆనుతయి, పానా తిప్పే జాగా ఉండదు. ఫ్లాంజ్‌లోనే ట్యాప్ చేయి, 12 మందంలో ఎం8 మరలకి మంచి పట్టు దొరుకుతది. ఒక మాట గట్టిగ గుర్తుపెట్టుకో: స్ప్రాకెట్‌ని సెంటర్‌లో నిలబెట్టేది స్పైగాట్, టార్క్ మోసేది రెండు ముఖాల మధ్య రాపిడి. బోల్టు పని నొక్కి పట్టుడే. 35 న్యూటన్ మీటర్లకి బిగిస్తే ఆరు బోల్టుల నొక్కుడుతో 900 న్యూటన్ మీటర్ల దాకా జారకుండా ఆపుతది, మనకి షాక్‌తో కలిపి కావాల్సింది 760 లోపే. కానీ ముఖాల మీద పెయింట్, గ్రీజు ఉంటే ఈ లెక్క చెల్లదు. థిన్నర్‌తో తుడిచి బిగించు. మరలకి నీలం లాక్‌టైట్ 243.

రాయగడ_మూడుచక్రాలు:

ఈ దారి చాలా బాగుంది అన్నా. కీవే పోతే సగం తలనొప్పి పోయినట్టే. రెండు సందేహాలు. బేరింగ్ ఫిట్ ఎంత పెట్టాలి? మామూలుగా మా టర్నర్ షాఫ్ట్ మీద టైటు, హౌసింగ్‌లో చేత్తో తోస్తే దిగేలా చేస్తారు. ఇక్కడా అంతేనా? రెండోది, 23 పళ్ల 520 స్ప్రాకెట్ బైకు షాపుల్లో దొరకట్లేదు.

బల్లార్షా_టర్నర్:

అట్ల కాదు, ఇక్కడ ఉల్టా. ఏ రింగు తిరుగుతుంటే ఆ రింగు టైటుగా ఉండాలె. మోటార్ షాఫ్ట్‌లో లోపలి రింగు తిరుగుతది కాబట్టి షాఫ్ట్ టైటు. ఇక్కడ తిరిగేది హబ్, అంటే బయటి రింగు. లాగుడు మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి. హబ్‌లో వదులుగా ఉంటే బయటి రింగు బోర్‌లో మెల్లగ పాకుతది. కొన్నాళ్లకి బోర్ గుడ్డు ఆకారం అయి, హబ్ పనికిరాదు.

కాబట్టి 52 బోర్‌కి ఎన్7 ఫిట్ (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే కోడ్), అంటే 51.961 నుంచి 51.991 మధ్య. ఇరుసు 25కి హెచ్6 (చిన్న అక్షరం h), అంటే 24.987 నుంచి 25.000. ఇరుసు మీద బేరింగ్ చేత్తో తోస్తే జారాలె, ఊగొద్దు. బోర్ కొలవడానికి వెర్నియర్ సరిపోదు, బోర్ డయల్ గేజ్ కావాలె. అది లేకుంటే కొత్త బేరింగ్‌నే గేజ్‌గా వాడు. చేత్తో అంచు కూడా దిగకూడదు. హబ్‌ని 80, 90 డిగ్రీలకి వేడి చేస్తే బేరింగ్ తేలిగ్గా పడాలె.

మ్యాచింగ్ వరుస ముఖ్యం. బోర్ మధ్యలో మెట్టు పెడితే ఒక సీటు అయినంక హబ్ తిప్పి పట్టాలె. రెండు సీట్లు ఒకే గీత మీద రావు, బేరింగ్‌లు ఎదురెదురు కొట్లాడుకుంటయి. మెట్టు వద్దు. ఒకే పట్టులో 52 బోర్ ఆర్పార్ తీసేయి. అదే పట్టులో ఒక ముఖం, ఒక స్పైగాట్ కూడా పూర్తి చేయి. తర్వాత ఆ బోర్‌కి సరిపోయే మాండ్రెల్ (బోర్‌లో దూర్చి పట్టే రాడ్డు) మీద ఎక్కించి సెంటర్ల మధ్య పట్టి రెండో స్పైగాట్, రెండో ముఖం తీయి. డయల్ 0.02 లోపు తిరగాలె. బేరింగ్‌ల మధ్య బయటి రింగులకి ఒక స్లీవ్, రెండు చివర్ల 52 లోపలి సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని బేరింగ్‌ని ఆపే రింగు). గాడి వ్యాసం 55, వెడల్పు 2.15.

ఇంక లోపలి రింగుల మధ్య స్పేసర్ పైపు. ఇది బయటి స్లీవ్ కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. పొడవు ఉండాలె. పొట్టిగా ఉంటే ఇరుసు నట్టు బిగించంగనే లోపలి రింగులు దగ్గరికి గుంజుకుని బంతులు నలుగుతయి. అట్ల బిగించిన హబ్ చేత్తో తిప్పినప్పుడు బరువుగా, గరుకుగా తగులుతది. నట్టు సగం తిప్పు వదిలితే ఫ్రీ అయిందంటే తప్పు స్పేసర్‌దే. నట్టు వదులుగా ఉంచి నడపకు, స్పేసర్ కొత్తది చేయి.

జయపురం_లేత్:

స్ప్రాకెట్ సంగతి నేను చెప్తాను. బైకు షాపు వదిలేయండి, పవర్ ట్రాన్స్‌మిషన్ సామాను అమ్మే షాపుకి వెళ్లండి. 10బీ సింప్లెక్స్ (ఒంటి వరస చైన్) స్ప్రాకెట్ అని అడగండి. పిచ్ 15.875, రోలర్ 10.16, రెండూ 520 చైన్‌తో సమానం. తేడా పళ్ల మందంలోనే. 10బీ పన్ను 9.1 మి.మీ., మనకి కావాల్సింది 5.8. పేపర్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ ప్లాంట్లు ఉన్న ఊళ్లలో కన్వేయర్ల కోసం ఇవి వాడుతూనే ఉంటారు. జేకేపూర్, తెరుబాలి వైపు సరఫరా చేసే షాపుల్ని అడిగి చూడండి. లేకపోతే విశాఖలో తెప్పించుకోండి. బాస్ లేని ప్లేట్ వీల్, సీ45 స్టీల్‌ది, పైలట్ బోర్‌తో వచ్చేది తీసుకోండి. పళ్లు ముందే హార్డెన్ చేసినది వద్దు, టూలు ఆగదు.

లేత్ మీద పని ఇలా. ముందు బోర్ 66 హెచ్7కి (పెద్ద అక్షరం H) తీయండి. చక్‌లో పళ్ల చివర్ల మీద పట్టి బోర్ తీస్తే సెంటర్ తప్పుతుంది, పళ్ల కొసలు ఎప్పుడూ ఖచ్చితంగా ఉండవు. ఫోర్ జా చక్‌లో పట్టి, పళ్ల మధ్య గాడిలో 10 మి.మీ. పిన్ను పెట్టి, దాని మీద డయల్ ఆడించి, సమాన ఎడంగా ఉన్న కొన్ని గాళ్ల దగ్గర ట్రూ చేయండి. స్పైగాట్ మాత్రం హెచ్6 (చిన్న h), అంటే 65.981 నుంచి 66.000. తర్వాత మాండ్రెల్ మీద ఎక్కించి రెండు వైపులా 1.65 చొప్పున ఫేసింగ్. ఒక వైపే 3.3 తీసేస్తే పన్ను చాంఫర్ ఒక పక్కే మిగిలి చైన్ పక్క ప్లేటుని గీరుతుంది. పళ్ల దగ్గర టూలు కొట్టుకుంటూ కోస్తుంది కాబట్టి పీ30 కార్బైడ్, లోతు 0.5, ఫీడు 0.15 మించకుండా. చివరికి పన్ను రెండు అంచులూ 1 మి.మీ. దాకా గుండ్రంగా చేయండి. అది లేకపోతే చైన్ ఎక్కేటప్పుడు టిక్ టిక్ మని కొడుతుంది.

ఇవన్నీ అయ్యాక పళ్లకి మాత్రమే ఇండక్షన్ హార్డెనింగ్, రాక్‌వెల్ సి స్కేల్ మీద 40 నుంచి 45. బోల్టు రంధ్రాలు దానికి ముందే వేసేయాలి. విశాఖలో ఈ రెండు స్ప్రాకెట్ల హార్డెనింగ్, ఇరుసుకి ఈఎన్24టీ కొనడం, అన్నీ ఒక్క విడతలో అవుతాయి. ఈఎన్24టీ అంటే ముందే హీట్ ట్రీట్ అయి వచ్చిన రాడ్డు. లేత్ మీద తిప్పుకోవడమే, మళ్లీ కాల్చక్కర్లేదు.

ఇంకోటి, మీరు మొదట రాసిన వెల్డింగ్ మాట. రెడీమేడ్ ఇంజన్ స్ప్రాకెట్‌ని బాస్‌కి వెల్డ్ చేసే ఆలోచన మానేయండి. అది కేస్ హార్డెన్ అయి ఉంటుంది, పై పొరలో కార్బన్ ఎక్కువ. మామూలు రాడ్డుతో అంటిస్తే వెల్డ్ పక్కనే గాజులా పెళుసవుతుంది, కొన్ని గంటల తర్వాత కూడా పగులు రావచ్చు. ఎక్కడైనా తప్పనిసరి అయితే ఆ పై పొర గ్రైండ్ చేసి, 250 డిగ్రీలకి ముందు వేడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రాడ్డుతో కొట్టి, సున్నంలో కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. మీకు హబ్ ఉండగా ఆ అవసరం లేదు.

గుణుపురం_ఫిట్టర్:

డిజైన్ బాగుంది గానీ చైన్ టెన్షన్ గురించి ఎవరూ రాయలేదు. వెనక చైన్‌కి చక్రం ఇరుసు వెనక్కి జరుగుతుంది, సరే. ముందు చైన్ రెండు చివర్లూ ఫ్రేముకే బిగించి ఉన్నాయి కదా. అక్కడ ఏటి చేస్తారు?

లెక్క చూడండి. 15, 23 పళ్లు, 44 లింకుల చైన్ అయితే సెంటర్ దూరం 197 మి.మీ. వస్తుంది. 42కి దిగితే 181. మధ్యలో ఏ కొలతా కుదరదు, సగం లింకు వేయడం ఈ లాగుడుకి మంచిది కాదు. కాబట్టి ముందు 197 దగ్గర ఇంజన్ నిలబడేలా మౌంటింగ్ ప్లేట్లు గీసుకుని, తర్వాత ఫ్రేము వెల్డ్ చేయండి. ఫ్రేము కట్టేసి చైన్ కొలుద్దామంటే ఇరుక్కుపోతారు. ఇక 44 లింకులంటే 698 మి.మీ. చైన్, ఒక శాతం సాగితే 7 మి.మీ., సెంటర్ మీద అది మూడున్నర. మౌంటింగ్ రంధ్రాలు ముందు వైపుకి 5 మి.మీ. పొడుగు గాడి చేస్తే చైన్ బతికినన్నాళ్లు చాలు. గాడిలో బోల్టు జారకుండా వెనక నుంచి ఒక జాక్ బోల్టు తప్పనిసరి, ఎందుకంటే చైన్ ఇంజన్‌ని వెనక్కే లాగుతుంది.

ఈ పొట్టి చైన్‌కి ఆట మధ్యలో 4 నుంచి 8 మి.మీ. అంతకంటే బిగిస్తే గేర్‌బాక్స్ ఔట్‌పుట్ బేరింగ్ పోతుంది. అలైన్‌మెంటు కూడా ఇక్కడే ఎక్కువ చూడాలి. 197 దూరంలో అర మి.మీ. దాటనీయకండి. స్ప్రాకెట్ ముఖం మీద స్టీలు స్కేలు ఆనించి రెండోదాని దగ్గర ఫిల్లర్ గేజ్ పెట్టి చూసుకోండి. వెనక చైన్ 88 లింకులు వేస్తే సెంటర్ 425 వస్తుంది.

మా వైపు ఎర్రమట్టి దుమ్ము చైన్‌కి శత్రువు. ముందు చైన్ ఇంజన్ కింద, దుమ్ము లేచే చోటే ఉంటుంది. ఓ-రింగ్ చైన్ వేసి, పైన, కింద రేకు కవరు పెట్టండి. చైన్ తెగితే సీటు వైపు రాకుండా కాపాడేది కూడా ఆ రేకే కాబట్టి 2 మి.మీ.కి తగ్గొద్దు.

పర్లాకిమిడి_ఆటోగ్యారేజ్:

వెనక హబ్ గురించి నేను రాస్తాను.

బైకు చక్రమే పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. అది ఈ బండికి నప్పదు. బైకు మలుపులో ఒరుగుతుంది కాబట్టి చక్రం మీద పక్క లోడు దాదాపు పడదు. ఈ బండి ఒరగదు. వెనక 170 కేజీలు ఉంటే గట్టి మలుపులో 1,300 న్యూటన్లు పక్కకి తోస్తుంది. టైరు వ్యాసార్ధం 254 మి.మీ. కాబట్టి హబ్ మీద 340 న్యూటన్ మీటర్ల వంపు. కారు రిమ్ము ఎంచుకోవడం సరైన పనే. అయితే హబ్ బేరింగ్‌ల ఎడం 100 కి తగ్గకూడదు.

ముందు రిమ్ము కొలతలు. నాలుగు బోల్టుల రిమ్ముకి పక్కపక్క రంధ్రాల సెంటర్ దూరాన్ని 1.414 తో గుణిస్తే పీసీడీ. ఎదురెదురు రంధ్రాలు కొలిచి సరిచూసుకోండి: లోపలి అంచుల మధ్య దూరానికి ఒక రంధ్రం వ్యాసం కలిపితే అదే రావాలి. సెంటర్ బోర్ కూడా కొలవండి. రెండు చేతుల స్వింగ్ ఆర్మ్ కాబట్టి హబ్ గొట్టం ఆ బోర్‌లోంచి దూరి అవతలికి రావాలి. బోర్ చిన్నదైతే లోపల 6205 కి గోడ మందం చాలదు. అప్పుడు 47 బయటి వ్యాసం ఉన్న 6005 వేసుకోండి. గోడ 5 మి.మీ. కంటే తగ్గిందంటే హబ్ ఈఎన్24టీతో చేయించండి.

స్టడ్లు కారువే వాడండి, ఎం12, 1.25 పిచ్, నర్లింగ్ ఉన్నవి. ఫ్లాంజ్ రంధ్రం నర్లింగ్ వ్యాసం కంటే 0.1 నుంచి 0.2 తక్కువ ఉంచి ప్రెస్‌తో దింపాలి. మామూలు బోల్టు పెట్టి వెనక వెల్డ్ కొట్టడం చేయొద్దు, బోల్టు గట్టితనం అక్కడే పోతుంది. నట్టు కోన్ రిమ్ము సీటుకి సరిపోయినదే కావాలి. ఫ్లాంజ్ ముఖం రనౌట్ (తిరిగేటప్పుడు ఊగుడు) 0.05 లోపు. బ్రేక్ డిస్క్ క్యారియర్ కుడి చివర స్పైగాట్ మీద, దాని రనౌట్ 0.1 లోపు.

ఇక కుష్ డ్రైవ్, అంటే దెబ్బలు మింగే రబ్బరు ఏర్పాటు. బైకు అసలు చక్రంలో స్ప్రాకెట్ వెనక రబ్బరు దిమ్మలు ఉంటాయి. మీరు ఆ చక్రం తీసేశారు కాబట్టి అవి కూడా పోయాయి. వాటి స్థానంలో ఏదీ పెట్టకుండా స్ప్రాకెట్‌ని నేరుగా హబ్‌కి బిగిస్తే ప్రతి గేరు మార్పు దెబ్బా గేర్‌బాక్స్ డాగ్‌ల (గేర్లని కలిపి పట్టే కొమ్ముల) మీద పడుతుంది. బండి బరువు బైకు కంటే దాదాపు రెట్టింపు, ఆ దెబ్బ కూడా అంతే. ఇది మానేయకండి.

హెచ్ఈ30 అల్యూమినియం, 20 మి.మీ. ప్లేటుతో క్యారియర్ చేయించండి. రెడీమేడ్ 45 పళ్ల 520 స్ప్రాకెట్ దాని మీద బోల్టు అవుతుంది. క్యారియర్‌లో 130 పీసీడీ మీద ఆరు 25 మి.మీ. రంధ్రాలు, వాటిలో పాలీయూరిథేన్ బుష్‌లు, షోర్ ఏ 90 గట్టితనం, లోపల 12 మి.మీ. రంధ్రం. హబ్ ఫ్లాంజ్ నుంచి ఆరు 12 మి.మీ. పిన్నులు ఆ బుష్‌లలోకి వస్తాయి. 12.9 గ్రేడు అలెన్ బోల్టు నున్నటి మెడ భాగాన్నే పిన్నుగా వాడొచ్చు, మరలు బుష్ లోపలికి రాకూడదు. షాక్‌తో కలిపి పిన్నుకి 3,900 న్యూటన్ల దాకా పడుతుంది, తట్టుకుంటుంది.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. క్యారియర్‌కి ఇరుసు మీద సొంత బేరింగ్ కావాలి, ఇంకో 6205. అది లేకపోతే 6,500 న్యూటన్ల చైన్ లాగుడు మొత్తం బుష్‌ల మీదే పడి స్ప్రాకెట్ ఒక పక్కకి వాలుతుంది, చైన్ దిగిపోతుంది. క్యారియర్ బేరింగ్‌కీ హబ్ బేరింగ్‌కీ మధ్య కూడా స్పేసర్ ఉండాలి, బల్లార్షా అన్న చెప్పిన నియమం ఇక్కడా వర్తిస్తుంది.

రేషియో 3 ఉంచండి. బైకు టైరు 150/60 ఆర్17 వ్యాసం 612, మీది 508. అందువల్లే ఫస్ట్ గేరులో నేల మీద లాగుడు 20 శాతం పెరిగింది, బరువు పెరిగినందుకు అది కావాల్సిందే. సిక్స్త్‌లో 9,000 ఆర్‌పీఎం దగ్గర 128 కిలోమీటర్ల వేగం. ఘాట్ ఎక్కేటప్పుడు చాలకపోతే ముందు 14 పళ్లకి మార్చుకోవచ్చు, కానీ అప్పుడు ముందు చైన్ సెంటర్ దూరం 4 మి.మీ. పెంచాలి. గుణుపురం ఫిట్టర్ గారు చెప్పిన గాడిని 10 మి.మీ. చేస్తే రెండూ కుదురుతాయి.

రాయగడ_మూడుచక్రాలు:

అందరికీ ధన్యవాదాలు. డ్రాయింగ్ మొత్తం మార్చేస్తున్నాను. ఇంజన్ మౌంటింగ్ ఇంకా టాక్ (తాత్కాలిక చుక్క వెల్డింగ్) మీదే ఉంది కాబట్టి 197 కి జరపడం కష్టం కాదు. రివర్స్ గురించి ఒక్కటి. కారు స్టార్టర్ మోటార్‌తో చేయొచ్చని విన్నాను, ఈ హబ్ మీద కుదురుతుందా?

జయపురం_లేత్:

కుదురుతుంది. ఫ్లైవీల్ రింగ్ గేర్ ఒకటి తీసుకుని 6 మి.మీ. డిస్క్ మీద స్పైగాట్ చేసి కూర్చోబెట్టండి. ఎడమ, కుడి స్ప్రాకెట్లలో బయట జాగా ఉన్న వైపు, అవే ఆరు బోల్టులకి పొడవైనవి వేసి కలిపి బిగించొచ్చు. రింగ్ గేర్, స్టార్టర్ ఒకే కారువి అయి ఉండాలి, లేకపోతే పళ్ల సైజు కలవదు. రింగుని వేడి చేసి డిస్క్ మీద దింపాలి, నీలిరంగు వచ్చేదాకా కాల్చకండి, పళ్ల గట్టితనం పోతుంది.

స్టార్టర్ ఒక దిక్కుకే తిరుగుతుంది, దాని పినియన్ కూడా ఆ దిక్కుకే పట్టుకుంటుంది. వైర్లు మార్చి తిప్పుదామంటే కుదరదు. రింగుకి ఏ వైపు నుంచి పెడితే హబ్ వెనక్కి తిరుగుతుందో బల్ల మీదే చూసుకుని తర్వాత బ్రాకెట్ వెల్డ్ చేయండి. పినియన్, రింగ్ పళ్ల మధ్య కొద్దిగా ఆట ఉండాలి, పన్ను అడుగు తగలకూడదు.

గేర్‌బాక్స్ న్యూట్రల్‌లో లేకుండా స్టార్టర్ నొక్కితే ఇంజన్‌ని వెనక్కి తిప్పే ప్రమాదం ఉంది. ఇంజన్ న్యూట్రల్ స్విచ్‌ని స్టార్టర్ రిలే కాయిల్ సర్క్యూట్‌లో కలపండి, న్యూట్రల్ లైట్ వెలిగితేనే రివర్స్ పని చేయాలి. బైకు బ్యాటరీ దీన్ని మోయదు, కారు బ్యాటరీ, లావు కేబుల్ కావాలి. స్టార్టర్ ఎక్కువసేపు తిప్పడానికి చేసింది కాదు. పది సెకన్లు తిప్పి చల్లారనివ్వాలి. పార్కింగ్ నుంచి బయటికి తీయడానికి సరిపోతుంది, ఘాట్ మీద వెనక్కి ఎక్కించడానికి కాదు.

పర్లాకిమిడి_ఆటోగ్యారేజ్:

తమ్ముడూ, ఒక్క మాట. ఇలా ఇంట్లో కట్టిన బండి పబ్లిక్ రోడ్డు మీదికి రావాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. దానికి 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126 ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో ప్రోటోటైప్ పరీక్ష జరగాలి. అది లేకుండా సొంత స్థలంలోనే నడపండి. ఇంజన్ కొన్న రసీదు, ఆ బైకు పాత ఆర్‌సీ కాగితాలు దగ్గర ఉంచుకోండి.

మొదటిసారి నడిపే ముందు వెనక చక్రం జాకీ మీద లేపి, ఐడిల్‌లో ఫస్ట్ గేరు వేసి పది నిమిషాలు తిప్పండి. ఆపి హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆగనంత వేడి ఉందంటే స్పేసర్ పొట్టి, లేదా బోర్ మరీ టైటు. ఖాళీ స్థలంలో మొదటి 20 కిలోమీటర్లు అయ్యాక అలెన్ బోల్టులు, వీల్ నట్లు, ఇరుసు నట్టు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. ప్రతి బోల్టు తల మీదుగా ముఖం దాకా పెయింట్ గీత ఒకటి గీసి పెట్టుకుంటే, కదిలిందేదో కిందకి వంగి చూస్తే తెలిసిపోతుంది.